గంట కొట్టకముందే లెక్క

(ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి దిగుతున్న కుర్రాళ్ల కోసం ఒడిశాలోని బరంపురంలో ఒక వ్యాయామశాలలో జరిగిన సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం)

గురువుగారికి, పెద్దలకి నమస్కారం. అమ్మలు ఇంతమంది వచ్చారు, అది నాకు మరీ సంతోషం. కాగితం మీద సంతకం పెట్టేది కుర్రాడే అయినా, ఆ డబ్బుతో ఇల్లు నడిపేది మీరు. అందుకని ఈ మాటలు మీరూ వినాలి.

"మన పిల్లలు ముగ్గురు ప్రొఫెషనల్‌గా దిగుతున్నారు, వచ్చి నాలుగు ముక్కలు చెప్పరా" అని గురువుగారు కబురు పెట్టారు. గార్డు ఎలా ఎత్తాలో, ఎడమ కాలు ఎక్కడ వేయాలో ఆయన ముందు నేనేం చెబుతాను? నాకు తెలిసినవి పద్దులు. ముప్పై నాలుగేళ్లు ఈ ఊళ్లో లెక్కలు రాసి బతికాను. పట్టు షావుకార్లవి, బియ్యం మిల్లులవి, అప్పడాలు ఊరగాయలు అమ్మేవాళ్లవి. అంతకుముందు ఐదేళ్లు ఇదే నేల మీద గ్లోవ్స్ కట్టుకున్నాను. ఈ రెండూ నా బతుకులో ఒకే రాత్రి కలిశాయి. ముందు ఆ రాత్రి సంగతి చెబుతాను.

1989, సంక్రాంతి వెళ్లిన వారం. ఇచ్ఛాపురం అవతల ఒక ఊరు. ఆ ఊరి పేరు, ఆట పెట్టించిన పెద్దమనిషి పేరు చెప్పను. ఆయన ఇప్పుడు లేరు. జవాబు చెప్పుకోలేని మనిషి మీద నింద వేయకూడదు. సినిమా హాలు పక్క ఖాళీ స్థలం చుట్టూ తడికలు కట్టి మధ్యలో రింగు వేశారు. టికెట్ పెట్టి ఆడించిన ఆట. ఆరు రౌండ్లకి నాకు 800 రూపాయలు ఇస్తానన్నాడు. నోటి మాటే. తోడుగా నాన్న వచ్చారు. నాన్న మగ్గం నేసేవారు. బడికి మూడో తరగతి దాకా వెళ్లారు, లెక్క మాత్రం నోటితో కట్టేవారు.

ఆట గెలిచాను. గాని ఎడమ కనుబొమ్మ చీలింది. గుడ్డ అదిమి పెట్టుకుని బల్ల మీద కూచున్నాను. ఆ పెద్దమనిషి వచ్చి, సిగరెట్టు పెట్టె చింపి లోపలి తెల్లవైపు పెన్సిల్‌తో రాసిన లెక్క నా చేతిలో పెట్టాడు. బస్సు 60. గ్లోవ్స్ అద్దె 140. డాక్టరు 100. గేటు పడలేదు, అంటే టికెట్లు చాలినన్ని తెగలేదని, 150. మొత్తం 450 పోగా 350. నోట్లు మడిచి ఆ అట్ట మీద పెట్టాడు. డాక్టరు ఎవరో నేను చూడలేదు, నా కుట్లు మర్నాడు బరంపురం వచ్చాక పడ్డాయి. అయినా "సరేనండి" అన్నాను. ఇరవై ఏళ్లవాణ్ణి, ఇంకేమనాలో నాకు తెలీదు.

నాన్న కూడా ఏమీ అనలేదు. జనం వెళ్లిపోయాక, లైట్లు ఇంకా తీయకముందే, గుమ్మం దగ్గర వంగి ఏవో ఏరడం మొదలెట్టారు. చింపి పారేసిన టికెట్ ముక్కలు. గులాబీ రంగువి ఐదు రూపాయలవి, పసుపువి పది రూపాయలవి. ప్రతి ముక్క మీదా నంబరు అచ్చయి ఉంది. పిడికిట పట్టినన్ని జేబులో వేసుకుని, బస్సులో తుండుగుడ్డ ఒళ్లో పరిచి ఒక్కొక్కటే చూశారు. గులాబీల్లో అన్నిటికంటే పెద్ద నంబరు 1386. పసుపుల్లో 412. గులాబీలకి 6,930 రూపాయలు, పసుపులకి 4,120. కలిపి 11,050.

"గేటు పడలేదన్నాడు గదరా" అన్నారు నాన్న. ఇచ్ఛాపురం వచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

లెక్కలవాడిగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ముక్కలు రుజువు కావు. టికెట్లు వరస నంబర్లలో అమ్మి ఉండకపోవచ్చు, సగం ఉచితంగా పంచి ఉండవచ్చు. ఆ మనిషికి స్థలం అద్దె, తడికలు, మైకు, పోస్టర్లు, అవతలి బాక్సరు ఖర్చు, ఇవన్నీ ఉన్నాయి. నిజంగానే నష్టపోయాడేమో. నాకు 150 తగ్గించడం న్యాయమేనేమో. ముప్పై ఆరేళ్లు గడిచాక కూడా నాకు తెలీదు. ఆయన చూపించలేదు, నేను అడగలేదు. తక్కువ వచ్చిన డబ్బు ఎప్పుడో మర్చిపోయాను. మా నాన్న అంతటి మనిషి, కొడుకు రక్తం కార్చిన ఆటకి ఎంత వచ్చిందో తెలుసుకోడానికి నేల మీద కాగితాలు ఏరుకోవలసి వచ్చింది చూడండి, అది మాత్రం మర్చిపోలేను.

మగ్గాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ సగం మంది ఉన్నారు. షావుకారు పట్టు ఇస్తాడు, మనం నేస్తాం, మజూరీ తీసుకుంటాం. మజూరీ చాలదని తాతల కాలం నుంచి కొట్లాడుతూనే ఉన్నాం. గాని ఒకటి గమనించండి. మనం నేసిన పట్టుజోడు బజార్లో అద్దం వెనక వేలాడుతుంది, దాని మీద ధర చీటీ ఉంటుంది. నేసినవాడి ఇల్లాలు ఠాకురాణి గుడికి వెళ్తూ ఆ చీటీ చదువుకోగలదు. ఇంటికి వచ్చి "దానికి మనకిచ్చింది ఇంతేనా?" అనగలదు. బేరం అక్కడే పుడుతుంది. బాక్సర్ కష్టానికి అలాంటి ధర చీటీ ఎక్కడా వేలాడదు. టికెట్ల డబ్బు, టీవీవాళ్లిచ్చేది, ఫోన్లో చూసేవాళ్ల చందా, తాళ్ల మీదా నేల మీదా అచ్చేసిన కంపెనీల పేర్లు, ఇవన్నీ ఆట పెట్టించే ప్రమోటర్ ఒక్కడి కళ్లకే కనిపిస్తాయి. బాక్సర్‌కి కనిపించేది తన పర్సు ఒక్కటే. పర్సు అంటే తెలుసు కదమ్మా, ఆ ఆటకి మనవాడికి ఇస్తామన్న సొమ్ము. మొత్తం ఎంతో తెలియనివాడు తన వాటా న్యాయమో అన్యాయమో ఎలా చెబుతాడు?

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ప్రపంచంలో అందరికంటే పేరున్న బాక్సర్ మహమ్మద్ అలీ. 1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్‌తో ఆడారు. ఒప్పందం 80 లక్షల డాలర్లు. చేతికి దాదాపు 11 లక్షల 70 వేలు తక్కువ వచ్చింది. ప్రమోటర్ డాన్ కింగ్ మీద అలీ దావా వేశారు. తర్వాత, అలీ ఒంట్లో బాగోక ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, ఆయనకి నమ్మకమైన మనిషి చేతికి 50 వేల డాలర్ల నగదున్న పెట్టె ఇచ్చి పంపి, దావా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. సంగతి తెలిసి ఆయన లాయరు ఏడ్చాడని అలీ జీవితం రాసినవాళ్లు రాశారు. సంతకం పెట్టిన అలీ చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఇది తలుచుకున్నప్పుడల్లా నా గొంతు పట్టుకుంటుంది, క్షమించండి.

ఇంకొకరిది చెబుతాను. టిమ్ విదర్‌స్పూన్ అని హెవీవెయిట్ ఛాంపియన్. 1986 జులైలో లండన్ వెంబ్లీలో ఫ్రాంక్ బ్రూనోని పదకొండో రౌండులో పడగొట్టాడు. ఒప్పందం 5 లక్షల డాలర్లు. కోతలన్నీ పోగా ముట్టింది 90 వేల చిల్లర. ఓడిన బ్రూనోకి దానికి ఎన్నో రెట్లు ముట్టింది. ఆ కోతల్లో పెద్దది మేనేజర్ వాటా. ఆ మేనేజర్ ఎవరనుకున్నారు? ప్రమోటర్ డాన్ కింగ్ పెంచిన కొడుకు. మేనేజర్ పని ఏమిటి? బాక్సర్ తరఫున ప్రమోటర్‌తో గట్టిగా బేరమాడడం. తండ్రీ కొడుకులు బల్లకి అటూ ఇటూ కూచుంటే బేరం ఎవరితో ఎవరు ఆడతారు? విదర్‌స్పూన్ ఏళ్ల తరబడి కోర్టులో పోరాడి చివరికి రాజీలో కొంత రాబట్టుకున్నాడు. అప్పటికి అతని ఆట వయసు చాలావరకు అయిపోయింది.

ఇలాంటివి పోగుపడి పోగుపడి అమెరికాలో చట్టం వచ్చింది. 1996లో బాక్సర్ల భద్రత కోసం ఒకటి చేశారు. దానికి సవరణగా 2000 మే 26న వచ్చింది మహమ్మద్ అలీ పేరు పెట్టిన సంస్కరణ చట్టం. అందులో నాకు ప్రాణమైన భాగం ఒకటుంది, నెమ్మదిగా చెబుతాను. ఫలానా ఆట మీద తనకి రావలసిన డబ్బు ప్రమోటర్ తీసుకోవాలంటే, బాక్సర్‌కి మూడు సంగతులు చెప్పి తీరాలి. ఆ ఆట మీద తను ఎవరెవరితో ఎంతెంతకి ఒప్పుకున్నాడో ఒకటి. శిక్షణ ఖర్చులతో సహా బాక్సర్ పర్సులోంచి ఏమేమి కోస్తాడో, అందులో తనకి చేరేదెంతో రెండోది. ముందు అనుకున్నదానికంటే పర్సు తగ్గిస్తే ఎంత తగ్గించాడో మూడోది. ఇవి చెప్పేదాకా ఆ ఆట మీద పైసా తీసుకునే హక్కు అతనికి లేదు. ఆ ఆటని పర్యవేక్షించే బాక్సింగ్ కమిషన్‌కి ఒప్పందం కాపీ ఇవ్వాలి, ఇది కాక రాతలో గాని నోటితో గాని వేరే ఒప్పందం ఏదీ లేదని ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. నోటి మాట ఒకటి, కాగితం ఒకటి అనే ఆటకి అక్కడ కట్టు పడింది.

"లెక్కలు బయటపెడితే వ్యాపారం ఎలా చేస్తాం?" అని ప్రమోటర్లు అంటారు. నా దగ్గర పద్దులు రాయించుకున్న షావుకార్లూ ఇదే అనేవారు. ఆ చట్టం ఊరందరికీ చాటమనలేదు. కమిషన్‌కి ఇచ్చిన కాగితాలు, కోర్టు అవసరాలకి తప్ప, జనానికి వెల్లడించకూడదనే ఉంది. దెబ్బలు తినేవాడికి చెప్పమంది, అంతే. మేనేజరూ ప్రమోటరూ ఒకరి వ్యాపారంలో ఒకరు డబ్బు ఆశ పెట్టుకోకూడదనీ రాశారు. అయితే అది పది రౌండ్లూ ఆ పైన ఆడేవాళ్లకే. నాలుగు రౌండ్లు, ఆరు రౌండ్లు ఆడే కొత్త కుర్రాడిని వదిలేశారు. అన్యాయం ఎక్కువ జరిగేది ఆ కుర్రాడికే కదా! ఇంకో లోపం ఉంది. ఈ లెక్క ఎప్పుడు చెప్పాలో గడువు పెట్టలేదు. చేతికి బ్యాండేజీ చుట్టేసి, బయట జనం అరుస్తుండగా కాగితం తెచ్చి ముందు పెడితే, ఏ బాక్సర్ కళ్లజోడు పెట్టుకుని చదువుతాడు? అందుకే నేను పదే పదే అంటాను, గంట కొట్టకముందు కూడా చాలదు, సంతకం పెట్టకముందే లెక్క చూడాలి.

చట్టం వచ్చినంత మాత్రాన గొడవలు ఆగలేదు. మెక్సికో బాక్సర్ కనేలో అల్వారెజ్‌కి 2018లో ఒక ప్రసార సంస్థతో 11 ఆటలకి 36.5 కోట్ల డాలర్ల ఒప్పందమని ప్రపంచమంతా చెప్పుకుంది. రెండేళ్లు తిరక్కుండా, 2020 సెప్టెంబరులో, తన ప్రమోటర్ మీదా ఆ ప్రసార సంస్థ మీదా దావా వేశాడు. ఆ నవంబరుకి ప్రమోటర్‌తో తెగతెంపులు. అంతటివాడికే మధ్యలో ఉన్న కాగితం అన్ని తిప్పలు పెడితే, మనవాళ్ల మాట చెప్పాలా?

పంజరంలో ఆడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌కి ఈ అలీ చట్టం వర్తించదు. దాని ఫలితం అందరూ చూశారు. ఆ ఆటలు పెట్టించే యూఎఫ్‌సీ అనే సంస్థ మీద ఆటగాళ్లు 2014లో కోర్టుకెక్కితే, ఆ వ్యాజ్యంలోనే సంస్థ లోపలి లెక్కలు బయటపడ్డాయి. వచ్చిన ఆదాయంలో ఆటగాళ్లకి చేరేది ఐదో వంతు దగ్గర. అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో ఆటగాళ్ల వాటా సగం దగ్గర ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఆటగాళ్ల సంఘం లెక్క చూసి మరీ బేరమాడుతుంది. చివరికి యూఎఫ్‌సీ వ్యాజ్యం 37.5 కోట్ల డాలర్లకి రాజీ అయింది, కోర్టు 2025లో ఖాయం చేసింది. ఇప్పుడు బాక్సింగ్‌కే కొత్త సవరణ అంటూ 2025 జులైలో అక్కడి కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. రౌండుకి కనీసం ఇంత అని పెట్టడం, వైద్యం బీమా, ఇవి మంచివే. కనీస కూలి ఇస్తే చాలు, లెక్క చెప్పక్కర్లేదు అనే దారి మాత్రం తెరవకూడదు. కూలి పెంచాం గదా, చీర ధర ఎందుకు అడుగుతావు అన్నట్టుంటుంది.

సరే, మన సంగతి. మన దేశంలో ప్రమోటర్ తన రాబడి బాక్సర్‌కి చెప్పాలనే అలీ చట్టం లాంటిది లేదు. విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్ అయ్యాక మన కుర్రాళ్లకి ఆశ పుట్టింది, చిన్న చిన్న షోలు మొదలయ్యాయి. చట్టం లేదని చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఉన్న చట్టాలతోనే చాలా చేయవచ్చు.

మొదటిది పన్ను కోత. ఆటగాళ్లకి ఇచ్చే ఫీజులో మూలంలోనే పన్ను కోయాలని 2008లో ప్రభుత్వం నోటిఫై చేసింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 194జె అని మన లెక్కలవాళ్లు పిలిచే సెక్షన్, సాధారణంగా 10 శాతం. షో నడిపినవాడు "టీడీఎస్ పోయింది తమ్ముడూ" అని డబ్బు తగ్గించి ఇస్తాడు. కోశాడా, సరే. మీ పాన్ నంబరు మీద కట్టాడా? అది మీ ఫోన్లోనే తెలుస్తుంది. ఆదాయపు పన్ను సైట్‌లోకి వెళ్తే 26ఏఎస్ అని ఒక పట్టీ వస్తుంది. అందులో ఎవరు, ఎంత మొత్తం మీద, ఎంత కోసి కట్టారో ఉంటుంది. కోత సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఆ పట్టీ చూసుకుంటే, చేతికి 18 వేలు ఇచ్చినవాళ్లు అక్కడ 60 వేలు ఇచ్చినట్టు చూపించారు! మిగతాది ఎటు పోయిందో అడగడానికి మొదటిసారి వాడి చేతికి ఒక అంకె దొరికింది. మా నాన్నకి దొరకని అంకె అది.

రెండోది, మెడకి చుట్టుకునే షరతులు. "ఒప్పందం అయిపోయాక కూడా మా అనుమతి లేకుండా ఇంకొకరితో ఆడకూడదు" అని రాస్తారు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకి చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు గుర్తు పెట్టుకోండి. ఆయన వ్యవహారాలు చూసే కంపెనీ, ఒప్పందం గడువు తీరాక కూడా ముందు మాకే అవకాశం ఇవ్వాలని పట్టుబట్టింది. 2006లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఒప్పందం నడుస్తున్నన్నాళ్లు ఒకరికే ఆడతాననడం వేరు, అది సాధారణంగా నిలుస్తుంది. గడువు ఎన్నేళ్లో చూసుకోండి. "గెలిస్తే తనంతట తనే పొడిగింపు" అనే వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే నాకు చూపించండి.

మూడోది అడ్వాన్సు. ఈ జిల్లాలో దాదన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ముందు చేతిలో కొంత పెట్టి, తర్వాత నెలల తరబడి ఆ బాకీలో పని చేయించుకోవడం. సూరత్ మగ్గాలకి వెళ్లినవాళ్లూ, ఇటుక బట్టీలకి వెళ్లినవాళ్లూ లేని వీధి ఏది? ప్రమోటర్ ఇచ్చే "క్యాంప్ ఖర్చులు" కూడా కాగితం సరిగ్గా లేకపోతే దాదనే. గుడ్లు, మాంసం, రూము అద్దె, రైలు టికెట్, ఫిజియో, అన్నీ బాకీ కింద రాస్తారు. మూడు ఆటలు గెలిచినా బాకీ తీరదు. ప్రతి ఖర్చుకీ రసీదు ఇవ్వాలి, ఇంతకు మించి కోయకూడదు అనే హద్దు ఉండాలి, ఆట రద్దయితే ఆ ఖర్చు ఎవరిదో రాయాలి. నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని తేదీ వేసి మీరూ రాసుకోండి. అమ్మలు ఆ పని నాకంటే బాగా చేస్తారు, పాలవాడి లెక్క రాసే పద్ధతే.

ప్రమోటర్లందరూ దొంగలని నేను అనడం లేదు. ఇల్లు తాకట్టు పెట్టి షో పెట్టినవాళ్లు నాకు తెలుసు. వాన పడితే పోయేది వాళ్లదే. అలాంటి నిజాయితీపరుడికే లెక్క చూపించడం ఎక్కువ లాభం. మొన్న ఒకాయన పోటీకి ముందు రోజు కుర్రాళ్లందరినీ కూచోబెట్టి, టికెట్లు ఇన్ని అచ్చేశాం, హాలు ఇంత, స్పాన్సర్ ఇంత ఇచ్చాడు, మీకు ఇంతకంటే ఇవ్వలేను అని కాగితం మీద చూపించాడు. డబ్బు తక్కువే. ఒక్క కుర్రాడు కూడా వెనక్కి పోలేదు.

ఈ గడ్డ బలానికి పుట్టిల్లు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు సొంత సర్కస్ నడిపారు, తన బలం మీద వచ్చిన టికెట్ డబ్బు తన కళ్లతో చూసుకున్నారు. మన ఊరి కె. రవికుమార్ 2010 కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి బంగారు పతకం తెచ్చాడు. బలానికి మనకి లోటు లేదు. మీ ముగ్గురూ ఆడబోయే ఆటకి కాగితాలు వచ్చాయని గురువుగారు చెప్పారు. ఇంగ్లీషులో పధ్నాలుగు పేజీలట. ఇంకా సంతకం పెట్టలేదు కదా? మంచిది. కుర్చీలు ఇలా దగ్గరికి లాక్కోండి. అమ్మా, మీరూ రండి. ముందు "ఖర్చులు" అని ఎక్కడుందో ఆ పేజీ తీయండి.